చెన్నై తెలుగు సంఘాల్లో కన్ఫర్మేషన్ తరగతి: పేరు ఇచ్చే ముందు ఏం చూడాలి?

చెన్నైలో తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి రెండు మాటలు మొదలవుతాయి. ఒకటి ట్యూషన్, ఇంకొకటి కన్ఫర్మేషన్, అంటే పసితనంలో తమ తరఫున అమ్మానాన్నలు ఇచ్చిన విశ్వాసపు మాటను పిల్లలే సంఘం ముందు చెప్పడం. ట్యూషన్ సంగతైతే నలుగురిని అడుగుతాం. ఎవరు చెబుతారు, బ్యాచికి ఎంతమంది, పోయినేడు మార్కులెలా వచ్చాయి అని ఆరా తీస్తాం. కన్ఫర్మేషన్ తరగతి గురించి మాత్రం ఏమీ అడగం. పాస్టరుగారు పేర్లు ఇమ్మన్నారు, ఇచ్చాం, అంతే. పిల్లవాడు జీవితాంతం నిలబడాల్సిన మాట ఆ తరగతిలో తేలాలి. కాబట్టి దాని గురించే ఎక్కువ ఆరా తీయాలి. ఏ ఒక్క సంఘాన్నో పేరుపెట్టి పొగడటానికీ తెగడటానికీ ఈ సమీక్ష రాయడం లేదు. వేపేరి, పెరంబూరు లాంటి పాత పేటల నుంచి ఐటీ ఉద్యోగులు చేరిన ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) దాకా ఈ తరగతి మామూలుగా ఎలా నడుస్తుందో, ఎక్కడ బాగుంటుందో, ఎక్కడ ఎందుకు చెడుతుందో చెప్పడమే పని.

ముందు తీర్పు చెప్పేస్తాం. పాఠాలు ఫరవాలేదు. భాష దగ్గర పెద్ద చిక్కుంది. పరీక్ష దాదాపు వృథా. తరగతి అయిపోయాక పిల్లల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా, "నాకింకా నమ్మకం కుదరలేదు" అన్న పిల్లను ఆ సంఘం ఎలా చూస్తుందో అదే ఆ తరగతికి అసలు గీటురాయి. ఇందులో నెగ్గే తరగతులు కొన్నే ఉన్నాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు బిడ్డ తరఫున అమ్మానాన్నలు, గాడ్ పేరెంట్స్ మాట ఇస్తారు. పిల్లలు ఎదిగాక ఆ మాటను తమ నోటితో తామే సంఘం ముందు చెప్పాలి. బిషప్పుగారు తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. చాలా సంఘాల్లో ఆ రోజు నుంచే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలో, చెయ్యి వేయనిస్తారు. లూథరన్లకూ కన్ఫర్మేషన్ ఉంది, దానికి లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి (విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే పుస్తకం) ఆధారం. కథోలికులు కన్ఫర్మేషన్‌ను భద్రమైన అభ్యంగనం అంటారు, దానికి ముందు సత్యోపదేశం చెబుతారు. బాప్టిస్టు సంఘాల్లో పసిపిల్లలకు ప్రతిష్ఠే (బిడ్డను దేవునికి అప్పగించే ప్రార్థన) తప్ప బాప్తిస్మం ఉండదు. ఎదిగాక తీసుకునే బాప్తిస్మానికి ముందు తరగతి నడుపుతారు. పేర్లూ పద్ధతులూ వేరైనా అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది మీ అమ్మానాన్నల విశ్వాసమా, నీదా?

వ్యవధి మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు ఆదివారాలు, ఆరాధన అయ్యాక గంటసేపు. ఫీజు ఉండదు. ఒక నోటుబుక్కు, బైబిలు, కీర్తనల పుస్తకం, బాప్తిస్మపు సర్టిఫికెట్ నకలు, రెండు ఫొటోలు ఉంటే సరిపోతుంది. ఊరినుంచి వచ్చిన కుటుంబాలకు సర్టిఫికెట్ దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో గుంటూరులోనో బాప్తిస్మమైన పిల్లవాడి వివరాలు ఆ ఊరి చర్చి రిజిస్టరులోనే ఉంటాయి. పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు, బాప్తిస్మమిచ్చిన అయ్యగారి సంతకం అన్నీ అక్కడే. రిజిస్టరులో "చిన్ని" అని ఇంటిపేరులేని ముద్దుపేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే తరగతి చివర హడావుడి తప్పదు. రెండు పేర్లూ ఒకరివేనని ఊరి పాస్టరుగారి చేత ఒక ఉత్తరం రాయించి తెచ్చుకోండి. కుటుంబం మొత్తం సభ్యత్వం మార్చుకోవాలంటే బదిలీ ఉత్తరం వేరే ఉంటుంది. రెండూ ఒకేసారి అడగడం మేలు.

తరగతి కుదించుకుపోవడానికి ముఖ్యమైన కారణం తేదీ. బిషప్పుగారు వచ్చే తేదీ ముందు ఖరారవుతుంది, తరగతి ఆ తేదీకి ముందు ఎన్ని ఆదివారాలుంటే అన్నిట్లోనే ఇముడుతుంది. మధ్యలో పరీక్షలు, గుడ్ ఫ్రైడే, సంఘ ఎన్నికలు వస్తే పన్నెండు వారాలు కాస్తా నాలుగవుతాయి. అప్పుడు మిగిలేది బట్టీ పట్టించడం ఒక్కటే. విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు అప్పజెప్పించి తెల్లబట్టలు తొడిగిస్తారు. తరగతి తేదీని నిర్ణయించాలి గానీ తేదీ తరగతిని నిర్ణయించకూడదు. పేరు ఇచ్చేటప్పుడు "మా వాడు ఈసారికి సిద్ధం కాకపోతే వచ్చే ఏడు కూర్చోవచ్చా?" అని అడిగి చూడండి. "పర్వాలేదు తీసుకురండి, చూద్దాం" అంటే మంచి సూచన. "అదేం మాట, అందరితోపాటు అయిపోతుందిలెండి" అంటే ఏం జరగబోతోందో అర్థమైపోతుంది.

ఇక భాష. చెన్నై తెలుగు సంఘాలకు ఇది ప్రాణసంకటం. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి సబ్జెక్టు అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బళ్లో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు వినగలరు, మాట్లాడగలరు, చదవలేరు. తరగతిలో ఆ పిల్లల నోటుబుక్కు ఒకసారి తెరిచి చూడండి. "పరలోకమందున్న మా తండ్రీ" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని ఉంటుంది. "పరిశుద్ధపరచబడు గాక" దగ్గర అక్షరాలు కొట్టేసి మళ్లీ రాసి, పక్కన పెన్సిల్‌తో తమిళంలో అర్థం రాసుకుని ఉంటుంది. అప్పజెప్పమంటే గడగడా చెబుతారు. అందులో ఒక వాక్యాన్ని మీ మాటల్లో చెప్పమనండి, ఆగిపోతారు.

తప్పు పిల్లలది కాదు. మన పాత తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంది. "సేవించెదము", "అనుగ్రహించు", "నీతిమంతులుగా తీర్చబడి" లాంటి మాటలు ఇంట్లో ఎవరూ వాడరు. అమ్మానాన్నలకు ఆ మాటలు చిన్నప్పటి నుంచి చెవిలో పడి తియ్యగా ఉంటాయి. పిల్లలకు అవి శబ్దాలుగానే మిగిలిపోతాయి. అర్థం కాని విశ్వాసాన్ని పిల్లలు అమ్మానాన్నల వస్తువుగానే చూస్తారు. దీనికి మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది అంతా ఇంగ్లీషులో చెప్పేయడం. పిల్లలకు అర్థమవుతుంది, కానీ ఇంటికెళ్లి అమ్మమ్మతో మాట్లాడలేరు, ఆదివారం ఆరాధన మళ్లీ పరాయిదవుతుంది. రెండోది అంతా పాత తెలుగులోనే చెప్పడం, దాని ఫలితం పైన చూశాం. మాకు సరైనదిగా తోచింది మూడోది: వాక్యాన్ని పాత తెలుగులో ఒకసారి బిగ్గరగా చదవడం, వ్యావహారిక తెలుగు అనువాదంలో మరోసారి చదవడం, చర్చ మాత్రం పిల్లలకు నోరు తిరిగే భాషలో, తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలగలిసినా సరే. గంట కాస్తా గంటంపావు అవుతుంది. ఆ పావుగంట దండగ కాదు. వ్యావహారిక అనువాదాలు పుస్తకంగానూ, ఫోనులో యాప్‌గానూ, వినే ఆడియోగానూ దొరుకుతాయి. చదవడం రాని పిల్లలకు ఆడియో బాగా పనికొస్తుంది. ఆదివారం తరగతికి ముందు మార్కు సువార్త రెండు అధ్యాయాలు విని రమ్మనండి. మొత్తం పదహారు అధ్యాయాలు, ఎనిమిది వారాల్లో అయిపోతుంది. యేసుప్రభువు ఎవరో ఒక్క సువార్త అయినా ఆద్యంతం తెలియకుండా "ఆయన్ని నమ్ముతున్నాను" అని సంఘం ముందు చెప్పించడం పిల్లల పట్ల అన్యాయం.

ఈ ప్రశ్నోత్తరి పద్ధతి మన భాషలో ఎంత పాతదో చెప్పాలి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హల్లే నగరంలో వచ్చాయి. వాటిలో లూథరు చిన్న ప్రశ్నోత్తరి ఒకటి. తెలుగు చేసిన బెంజమిన్ షుల్జ్ అంతకుముందు ఈ మద్రాసులోనే పనిచేసినవాడు. పిల్లలకు విశ్వాసం వాళ్ల సొంత భాషలో అందాలన్న పట్టుదల ఈ ఊళ్లోనే మొదలైంది. ఈ ఊరి తరగతుల్లోనే అది సడలిపోవడం బాధగా ఉంది.

పరీక్ష సంగతికొద్దాం. చివరి వారం పాస్టరుగారు, ఒకరిద్దరు సంఘపెద్దలు కూర్చుని ప్రశ్నలడుగుతారు. "అయిదో ఆజ్ఞ ఏది?" అన్నది అందరికీ ఇష్టమైన ప్రశ్న. సి.ఎస్.ఐ., బాప్టిస్టు లెక్కలో అయిదోది "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము". లూథరన్, కథోలిక లెక్కలో అది నాలుగోది, అయిదోది "నరహత్య చేయకూడదు". మొదటి రెంటినీ కలిపి ఒకటిగా లెక్కించి, చివర ఆశ గురించి చెప్పిన ఆజ్ఞను రెండుగా విడదీస్తారు కాబట్టి నంబర్లు మారతాయి. గుంటూరు లూథరన్ ఇంట్లో పెరిగిన పిల్ల చెన్నైలో సి.ఎస్.ఐ. తరగతిలో అమ్మ నేర్పిన లెక్క చెబితే తప్పంటారు. అమ్మ చెప్పింది తప్పని పదిమందిలో విన్న పిల్లకు, అదీ ఆ ఆజ్ఞ గురించే, ఎలా ఉంటుందో ఆలోచించండి. పరీక్ష పెట్టేవాళ్లు రెండు లెక్కలూ తెలుసుకుని ఉండాలి. అసలు నంబరు అడగడమే మానేస్తే ఇంకా మేలు. "అమ్మానాన్నల్ని సన్మానించడమంటే వాళ్లు చెప్పినదల్లా నమ్మడమా?" అని అడగండి. అప్పుడు పిల్లలు మాట్లాడతారు.

ఆ ప్రశ్నకు బైబిలు ఇచ్చే జవాబు చాలామంది తల్లిదండ్రులు అనుకునేదానికన్నా లోతైనది. సన్మానించమని ఆజ్ఞ ఉంది. నమ్మకానికి మాత్రం వారసత్వం లేదు. మాకు తండ్రి అబ్రాహామున్నాడని చెప్పుకోవడం చాలదని బాప్తిస్మమిచ్చు యోహాను అన్నాడు. తండ్రి దోషం కొడుకు మోయడనీ, తండ్రి నీతి కొడుకు ఖాతాలోకి రాదనీ యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం వాదిస్తుంది. అదే బైబిలు ఇంటినుంచి వచ్చిన విశ్వాసాన్ని చిన్నచూపూ చూడదు. తన శిష్యుడు తిమోతికి విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకే దగ్గర నుంచి వచ్చిందని పౌలు ఆప్యాయంగా గుర్తు చేస్తాడు. ఆ తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. అంటే అమ్మది ఒక మతం, నాన్నది ఒకటి. చెన్నైలో ఇలాంటి ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. అలాంటి పిల్లను "మీ నాన్న చర్చికి రారా?" అని తరగతిలో అందరి ముందూ అడిగే టీచరు తిమోతిని చదవలేదనుకోవాలి. పిల్లలకు అన్నిటికన్నా సూటిగా తగిలే మాట యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ ఊరివాళ్లు, తమకు యేసు గురించి చెప్పిన స్త్రీతో అన్నది: మొదట నీ మాట మీద నమ్మాం, ఇప్పుడు మేమే విన్నాం, మాకే తెలిసింది. అమ్మ మాట మీద మొదలై సొంత ఎరుకకు చేరిన నమ్మకం అది. తరగతి పిల్లల్ని మొదటిచోటి నుంచి రెండోచోటికి నడిపించాలి.

మన ఇళ్ల గోడల మీద, క్యాలెండర్ల మీద "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని ఉంటుంది. యెహోషువ 24:15, ఇశ్రాయేలు జనంతో వాళ్ల నాయకుడు యెహోషువ అన్న మాట. అదే వచనంలో అంతకుముందున్న మాటను క్యాలెండర్లు వదిలేస్తాయి. ఎవరిని సేవిస్తారో ఈరోజే మీరు కోరుకోండి, అని. జనం వెంటనే "మేమూ సేవిస్తాం" అంటే యెహోషువ చప్పట్లు కొట్టలేదు. మీరాయన్ని సేవించలేరు, ఆయన పరిశుద్ధుడు, అని అడ్డం తిరిగాడు. విడిచిపెడితే కీడు తప్పదని హెచ్చరించాడు. వాళ్లు మళ్లీ నొక్కి చెప్పాకే ఒప్పుకున్నాడు. మంచి తరగతి పద్ధతి ఇది. అవునన్న పిల్లను ఇంకోసారి ఆలోచించుకోమనాలి. కాదన్న పిల్లను వెళ్లగొట్టకూడదు.

పిల్లలు నిజంగా అడిగే ప్రశ్న మాత్రం పుస్తకాల్లో ఉండదు. "మేం ఇంకో ఇంట్లో పుట్టి ఉంటే ఇంకో దేవుణ్ణి మొక్కేవాళ్లం కదా?" దీన్ని "అలా అడగకూడదు" అని నోరు మూయించే టీచర్లున్నారు. అలా చేస్తే ఆ పిల్ల ఇక ఆ తరగతిలో ఏమీ అడగదు, ఇంటర్ అయ్యాక చర్చికీ రాదు. నిజాయితీగా జవాబు చెప్పండి. అవును, ఏ ఇంట్లో పుట్టామన్నదాన్ని బట్టి ఏ మాట ముందు వింటామో తేలుతుంది. ఆ మాట నిజమో కాదో దానివల్ల తేలదు. దేవుడే లేడనే ఇంట్లో పుట్టినవాడికీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి పుట్టుకను పక్కన పెట్టి విషయాన్నే పరీక్షించాలి. పౌలు మన విశ్వాసాన్ని ఒక సంఘటన మీద నిలబెట్టాడు. క్రీస్తు చావు నుంచి లేవకపోతే మేం చెప్పేదీ వ్యర్థం, మీ నమ్మకమూ వ్యర్థం అన్నాడు, మొదటి కొరింథీయులకు 15:14. అలా తేల్చి చెప్పిన మతం పిల్లల్ని ప్రశ్నలడగనివ్వడానికి భయపడక్కర్లేదు. తరగతిలో కనీసం రెండు వారాలు ఈ ఒక్క ప్రశ్నకే ఇవ్వాలి. పిల్లలు పన్నెండుమందికి మించితే ఇది సాగదు, ఉపన్యాసమైపోతుంది. ఎక్కువమంది ఉంటే రెండు గుంపులు చేసి రెండో గుంపుకి ఇంకో పెద్దను పెట్టాలి.

ఇప్పుడు గీటురాయి. తరగతి చివర ప్రతి పిల్లతో పాస్టరుగారు విడిగా ఇరవై నిమిషాలు మాట్లాడాలి. అమ్మానాన్నలు పక్కన ఉండకూడదు. తలుపు తెరిచే ఉండాలి, ఇంకో పెద్దమనిషి కనుచూపు మేరలో ఉండాలి. ఇది పిల్లల రక్షణకు తప్పనిసరి, ఇందులో మొహమాటానికి చోటు లేదు. ఆ మాటల్లో పిల్ల "నాకింకా తెలియట్లేదు" అంటే ఏం జరుగుతుంది? చెడ్డ పద్ధతిలో అప్పటికే నోటీసుబోర్డు మీద పేర్లు అతికించేసి ఉంటారు, తెల్లచీర కొనేసి ఉంటారు, నెల్లూరు నుంచి చుట్టాలకు రైలు టికెట్లు అయిపోయి ఉంటాయి. ఆ పిల్ల ఏమంటుంది? అవుననే అంటుంది. ఆ అవును అబద్ధమని తనకు తెలుసు. దేవుని ముందు మొదటిసారి నోరు తెరిచి చెప్పే మాట అబద్ధం కావడానికి మన ఏర్పాట్లే కారణమవుతున్నాయి. పద్ధతి తిరగేస్తే చాలు: విడిగా మాట్లాడటం ముందు, జాబితా తర్వాత. చుట్టాలకు కబురు అన్నిటికన్నా తర్వాత. ఆగుతానన్న పిల్ల పేరు ఎక్కడా చదవకూడదు, "ఈ ఏడు వీళ్లు కాదు" అని ప్రకటించకూడదు. సండేస్కూల్లో, కొయిర్‌లో ఆమె చోటు ఆమెకుండాలి. వచ్చే ఏడు మళ్లీ అడగాలి, ఒక్కసారే. మత్తయి 21లో ఇద్దరు కొడుకుల ఉపమానం అమ్మానాన్నలు ఈ సమయంలో చదువుకోవాలి. తోటలో పనికి వెళ్లమంటే పోనన్నవాడు తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. పోతానన్నవాడు వెళ్లలేదు. తండ్రి ఇష్టం చేసినవాడు ఎవరని ప్రభువు అడిగాడు.

ఆగితే పోతుందన్న భయం మన చరిత్రకే విరుద్ధం. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించాడు. చెన్నై మధ్యలోంచి పారే కాలువ అదే. బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వకుండా ఆపాడు. కరువు సద్దుమణిగాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి తెలుగు బోధకులు బాప్తిస్మమిచ్చారు. మనలో చాలామంది ముత్తాతల విశ్వాసం ఆ ఆగడం గుండా వచ్చింది. ఒక పద్నాలుగేళ్ల పిల్లకు ఒక్క ఏడాది ఇవ్వలేమా?

హిందూ ఇళ్లనుంచి వచ్చే యువతీయువకులు ఈ తరగతిలో కూర్చోవడం ఓఎమ్మార్ వైపు సంఘాల్లో మామూలే. వాళ్ల ప్రశ్న తిరగేసి ఉంటుంది: అమ్మానాన్నల మతం వదలొచ్చా? క్రైస్తవులుగా మనం సొంత పిల్లలకు "అమ్మానాన్నల మతమే నీ మతం" అని, వీళ్లకు "అమ్మానాన్నల మతం వదిలెయ్" అని రెండు నాలుకలతో చెప్పలేం. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ ఇంట్లో పుట్టినవాడు. మద్రాసులో యెహోవా షమ్మా సంఘం స్థాపించిన భక్త్‌సింగ్ సిక్కు ఇంట్లో పుట్టినవాడు. నిజాన్ని వెతికి చేరిన వాళ్లని గౌరవిస్తే, మన ఇంట్లో వెతికే పిల్లలకూ అదే గౌరవం ఇవ్వాలి. వెతికి ఇంకోచోటికి వెళ్లిన బిడ్డ కోసం కన్నీళ్లతో ప్రార్థన చేయొచ్చు, తలుపు మూయకూడదు.

ఈ యువత విషయంలో మంచి తరగతి ఏం చేయాలో సూటిగా చెబుతాం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఇంట్లో తెలియకుండా బాప్తిస్మం ఇవ్వకూడదు, ఎంత ఏడ్చినా సరే. నిండినవాళ్లయినా తొందరపెట్టకూడదు, ఏడాది వాక్యం చదివించాలి. ఇంట్లో తనే చెప్పాలి, చుట్టాల ద్వారానో ఫేస్‌బుక్ ఫొటో ద్వారానో తెలియకూడదు. పేరు మార్చుకోవాల్సిన పనే లేదు. పండగ పూట అమ్మ వండింది తినొచ్చా అంటే మొదటి కొరింథీయులకు 10వ అధ్యాయం చదివించండి: పెట్టింది తినండి, ఇది విగ్రహానికి అర్పించినదని ఎవరైనా చెబితే వాళ్ల మనస్సాక్షి కోసం మానండి. కష్టమైనది తలకొరివి. పెద్దకొడుకు బాప్తిస్మం తీసుకున్నాడంటే తండ్రికి మొదట గుర్తొచ్చేది తన చితే. దాన్ని తరగతిలో తప్పించుకోకూడదు. మంత్రాలతో చేసే క్రతువు చేయలేనని, కానీ ఆసుపత్రి ఖర్చు, పాడె మోయడం, అమ్మను చూసుకోవడం, పదోరోజుకు వచ్చినవాళ్లకు భోజనం అన్నీ తనవేనని ముందే, నాన్న బతికుండగానే, చెప్పాలి. ఆ సంభాషణకు సంఘపెద్ద ఒకరు తోడుగా వెళితే నాన్నకు "వీణ్ణి ఎవరో ఎత్తుకుపోయారు" అనిపించదు.

కాగితాల సంగతి చాలా తరగతుల్లో ఎత్తరు. ఎత్తాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఉంది. క్రైస్తవం స్వీకరించిన దళితులు తమిళనాడులో బి.సి.ల్లో, ఆంధ్రలో బి.సి.–సి.లో వస్తారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం షెడ్యూల్డు కులం సర్టిఫికెట్ అడగడాన్ని ఒప్పుకోలేదు. ఈ నియమం దళిత క్రైస్తవులకు అన్యాయమని మా గట్టి అభిప్రాయం, దాన్ని మార్చమని సంఘాలు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాయి. అది మారేదాకా పిల్లలకు నిజం చెప్పాలి. కొన్ని ఇళ్లలో చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక మతం ఉంటాయి. కన్ఫర్మేషన్ రిజిస్టరులో సంతకం పెట్టే పిల్లకు ఆ సంతకం అర్థమేమిటో ముందు తెలియాలి. ఈ కారణంగా ఆగుతానన్న కుటుంబాన్ని భయస్థులని తరగతిలో దెప్పడం కన్నా క్రూరత్వం లేదు.

ఇంకో చిన్న విషయం. సి.ఎస్.ఐ.లో పసితనపు బాప్తిస్మమే బాప్తిస్మం, మళ్లీ తీసుకోవడాన్ని ఒప్పుకోరు. కన్ఫర్మేషన్ అయిన పిల్లలు కాలేజీలో స్నేహితుల ప్రార్థన గుంపుకి వెళితే "చిన్నప్పటిది చెల్లదు, నీళ్లలో ముంచాలి" అంటారు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తరగతిలోనే ఒక అరగంట చెప్పి ఉంచండి. లేకపోతే ఏడాది తిరక్కుండా ఇంట్లో గొడవవుతుంది.

కన్ఫర్మేషన్ తర్వాత మూడు నెలలు చాలా సంఘాలు దారుణంగా వదిలేస్తాయి. ఫొటో దిగి, కేకు కోసి, బైబిలు బహుమతి ఇచ్చాక ఆ పిల్లల పేర్లు మళ్లీ వినపడేది పెళ్లి ప్రకటనలోనే. ఒక్కో పిల్లకు అమ్మానాన్నలు కాని ఒక పెద్దను జతచేయాలి. నెలకొకసారి ఫోన్ చేసి పలకరించే మనిషి చాలు. వాక్యం చదవడం, కానుక లెక్క రాయడం, చిన్నపిల్లల తరగతిలో సాయం, ఏదో ఒక పని వెంటనే ఇవ్వాలి. పేరు ఇచ్చేటప్పుడే "తర్వాత మా అమ్మాయిని ఎవరు చూసుకుంటారు?" అని అడగండి. ఒక మనిషి పేరు చెబితే చేర్చండి.

వచ్చే ఏడు తరగతిలో చేర్చాలనుకుంటే ఇప్పటి నుంచే చేయాల్సినవి: ఊరి చర్చికి రాసి బాప్తిస్మపు సర్టిఫికెట్ తెప్పించుకోండి. ఇంట్లో వారానికి రెండు అధ్యాయాల చొప్పున మార్కు సువార్త కలిసి వినండి. పిల్లను అడగకుండా పేరు ఇవ్వకండి.